విమానం చుట్టూ ఆ తెల్లటి మేఘం: పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?



తొమ్మిదో తరగతిలో ధ్వని పాఠం మొదలుపెట్టిన వారంలోనే, ఏ సెక్షన్‌లో చూసినా ఎవరో ఒకరు ఒకే వీడియో గురించి అడుగుతారు. ఏదో ఒక వాట్సాప్ గ్రూపులో అది మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. సముద్రం మీద ఒక యుద్ధ విమానం చాలా తక్కువ ఎత్తులో దూసుకొస్తుంటుంది. ఉన్నట్టుండి దాని నడుం చుట్టూ తెల్లటి గొడుగులాంటి మేఘం విచ్చుకుంటుంది. రెండు మూడు సెకన్లలో మాయమైపోతుంది. కింద క్యాప్షన్ ఉంటుంది: "సౌండ్ బ్యారియర్ బద్దలైన క్షణం!"

ఈ మధ్య క్లాసులో ఆ ప్రస్తావన వచ్చినప్పుడు ఒక పాప లేచి, "టీచర్, అది నీళ్లేమో కదా, ఐస్ వాటర్ గ్లాసుకి బయట పట్టినట్టు?" అంది. వెనక బెంచీ నుంచి ఒక బాబు, "కాదు, అది సౌండ్ బ్యారియర్. మా డాడీ చెప్పారు" అన్నాడు. అంతే, పాప కూర్చుండిపోయింది. నిజానికి పాప చెప్పిందే సరైన జవాబు. ఆ బాబు వాళ్ల డాడీని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆ క్యాప్షన్ చదివిన వాళ్లెవరైనా అలాగే అనుకుంటారు. కానీ "డాడీ చెప్పారు", "మమ్మీ చెప్పింది" అనే మాటలకి క్లాసులో ఎంత బరువుంటుందో మాకు రోజూ కనిపిస్తుంది. మేం బోర్డు మీద ఎంత రాసినా ఆ మాట ముందు నిలవడం కష్టం. అందుకే ఈ నెల పాఠం పిల్లలకి కాదు, మీకు.

ఈ మేఘానికి ప్రపంచమంతా పేరు తెచ్చిన ఫోటో ఒకటుంది. 1999 జులై 7న పసిఫిక్ సముద్రంలో, అమెరికా విమాన వాహక నౌక యూఎస్ఎస్ కాన్‌స్టలేషన్ మీద నుంచి, జాన్ గే అనే నేవీ అధికారి తీశారు. నౌక పక్కనుంచి దూసుకుపోతున్న ఎఫ్/ఏ-18 హార్నెట్ విమానం ముక్కు మాత్రం బయటికి కనిపిస్తుంటుంది, వెనకంతా గుండ్రటి తెల్లని పళ్లెంలాంటి మేఘం. వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగంలో దానికి మొదటి బహుమతి వచ్చింది. తర్వాత ఇంటర్నెట్‌లో ఆ ఫోటో ఎక్కడికి వెళ్లినా "ధ్వని గోడను బద్దలు కొడుతున్న విమానం" అనే పేరుతోనే వెళ్లింది. ఫోటో నిజమే, మేఘం నిజమే. ఆ పేరు దగ్గరే చిక్కు.

మనం ఆవిరి అనేది ఆవిరి కాదు

ముందు వంటింట్లోకి వద్దాం. ఇడ్లీ పాత్ర మూత తీయగానే తెల్లగా పైకి లేచేదాన్ని మనం ఆవిరి అంటాం. భాషలో ఆ మాట చెల్లుతుంది, సైన్స్‌లో చెల్లదు. నిజమైన నీటి ఆవిరి కంటికి కనిపించదు. కుక్కర్ విజిల్ వేసేటప్పుడు కాస్త దూరం నుంచి గమనించండి. రంధ్రం దగ్గర కొద్ది మేర ఏమీ ఉన్నట్టే అనిపించదు, ఆ పైనే తెల్లదనం మొదలవుతుంది. కనిపించని ఆ కొద్ది మేరలో ఉన్నదే అసలు ఆవిరి. పైకి వెళ్లి బయటి గాలికి చల్లబడి, సన్నటి నీటి తుంపరగా మారాకే మనకి కనిపిస్తుంది. ఆకాశంలో మేఘం కూడా ఆ తుంపరే. విమానం చుట్టూ కనిపించేదీ అదే. పొగ కాదు, ఇంధనం కాదు, శబ్దం అంతకన్నా కాదు.

మన చుట్టూ ఉన్న గాలిలో ఎప్పుడూ కొంత నీటి ఆవిరి ఉంటుంది. గాలి చల్లబడే కొద్దీ దాన్ని పట్టి ఉంచుకోలేదు, ఒక హద్దు దాటాక నీటి బిందువులుగా వదిలేస్తుంది. ఐస్ వాటర్ గ్లాసు బయట తడి పట్టేది ఇందుకే. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే మన పిల్లలు చక్కగా రాసి మార్కులు తెచ్చుకుంటారు. కానీ ఆ గ్లాసునీ ఈ విమానాన్నీ కలపమంటే చాలామంది ఆగిపోతారు. కారణం, గ్లాసులో ఐస్ ఉంది. విమానం దగ్గర ఐస్ ఎక్కడిది?

దానికి జవాబు సైకిల్ ట్యూబ్‌లో ఉంది. వాల్వ్ నొక్కి గాలి వదిలితే వేలికి చల్లగా తగులుతుంది. ఒత్తిడిలో ఉన్న గాలి ఒక్కసారిగా వ్యాకోచిస్తే తనంతట తనే చల్లబడుతుంది, ఐస్ అక్కర్లేదు. చల్లటి సోడా సీసా మూత తీయగానే మెడ దగ్గర ఒక్క క్షణం పొగలాంటిది కదలడం చూసే ఉంటారు. అది కూడా ఇదే.

ఇంట్లో చేసి చూపించాలనుకుంటే ఖర్చేమీ లేదు. ఖాళీ కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాలో రెండు చెంచాల గోరువెచ్చటి నీళ్లు పోసి బాగా కదపండి. అగరుబత్తి వెలిగించి, ఆ పొగ కొంచెం సీసాలోకి పోనివ్వండి (అగరుబత్తి పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి). మూత గట్టిగా బిగించి, సీసాని రెండు చేతులతో నొక్కి పట్టుకుని, ఒక్కసారిగా వదిలేయండి. లోపల తెల్లగా మబ్బు కడుతుంది. మళ్లీ నొక్కితే మాయం, వదిలితే ప్రత్యక్షం. అగరుబత్తి పొగ ఎందుకంటే, నీటి బిందువు కట్టడానికి ఏదో ఒక నలుసు ఆధారంగా ఉంటే తేలిక. సముద్రం మీద ఆ పని ఉప్పు నలుసులు చేస్తాయి. టార్చ్ లైట్ పక్కనుంచి వేస్తే ఇంకా బాగా కనిపిస్తుంది. సీసాని చాలాసార్లు నొక్కి వదలమనండి, ఒక్కసారి చూసి లేచిపోతే కుదరదు. నొక్కినప్పుడు మాయమవుతుందన్న సగాన్ని పిల్లలు గుర్తుపెట్టుకోవాలి, ఇంకాసేపట్లో దానితో పనుంది.

ఇక విమానం దగ్గరికి

జాతరలో జనం మధ్య నుంచి ఒక బైక్ వస్తోందనుకోండి. హారన్ ముందుగా వినిపిస్తుంది కాబట్టి జనం మెల్లగా పక్కకి జరుగుతారు. విమానం విషయంలో "నేను వస్తున్నా" అనే కబురు ముందున్న గాలికి చేరేది ధ్వని వేగంతోనే. ఆ వేగం నేల దగ్గర, 15 డిగ్రీల ఉష్ణోగ్రతలో, సెకనుకు సుమారు 340 మీటర్లు. అంటే గంటకు 1,225 కిలోమీటర్లు. విమానం మెల్లగా పోతే గాలికి కబురు ముందే అందుతుంది, తేలిగ్గా సర్దుకుంటుంది. విమానం కూడా దాదాపు అదే వేగంతో వస్తే కబురూ విమానమూ ఒకేసారి వచ్చి పడతాయి. గాలి ముందు గట్టిగా నొక్కుకుపోయి, తర్వాత రెక్కల మీదుగా, పైలట్ కూర్చునే గాజు గోపురం మీదుగా జారుతూ ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. అక్కడ ఒత్తిడి పడిపోతుంది, దానితోపాటు ఉష్ణోగ్రత కూడా. విమానం వేగం ధ్వని వేగానికి దగ్గరయ్యే కొద్దీ ఈ ఒత్తిడి తగ్గడం రెక్కని అంటుకునే ఆగదు, పక్కలకి చాలా దూరం వ్యాపిస్తుంది. మేఘం అంత పెద్ద గొడుగులా కనిపించేది అందుకే.

ఎంత చల్లబడుతుందని పిల్లలు అడుగుతారు. అడగాలి కూడా. మన కోస్తాలో వానాకాలం సాయంత్రం 30 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకుందాం. అటువంటి గాలి 26 డిగ్రీల దగ్గరికి వస్తే చాలు, నీళ్లు విడవడం మొదలుపెడుతుంది. అంటే నాలుగు డిగ్రీలు తగ్గితే సరిపోతుంది. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో 40 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకుంటే, అదే పని జరగడానికి 13 డిగ్రీల దాకా దిగాలి. అంటే 27 డిగ్రీలు తగ్గాలి. ఇప్పుడు 30 డిగ్రీల గాలిలో ధ్వని వేగంలో 95 శాతం వేగంతో పోయే విమానం తీసుకుందాం. దాని రెక్క మీద ఒక చోట గాలి ఇంకా వేగం పుంజుకుని, అక్కడి ధ్వని వేగానికి 1.3 రెట్లకి చేరిందనుకుంటే, లెక్క ప్రకారం ఆ గాలి మైనస్ 6 డిగ్రీల దగ్గరికి పడిపోతుంది. ముప్పై ఆరు డిగ్రీల తగ్గుదల! ఒత్తిడి కూడా తగ్గుతుంది కాబట్టి మేఘం కట్టాలంటే మామూలుకన్నా కాస్త ఎక్కువే చల్లబడాలి. అయినా సముద్రం మీది తేమ గాలికి ఇది చాలినంతకన్నా చాలా ఎక్కువ. ఇంట్లో ఇంటర్ ఎంపీసీ చదివే పెద్ద పిల్లలుంటే ఈ లెక్క వాళ్లచేత వేయించి చూడండి.

ఈ మేఘం ఫోటోలు ఎక్కువగా సముద్రం మీదే ఎందుకు వస్తాయో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొక విషయం. విమానం తన మేఘాన్ని వెంటబెట్టుకుని ఎగురుతున్నట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి అలా కాదు. కాలువ మధ్యలో రాయి ఉంటే దాని దగ్గర నీళ్లు పైకి లేచి ఒక అల కడుతుంది. అల అక్కడే ఉంటుంది, నీళ్లు మాత్రం ఎప్పటికప్పుడు కొత్తవి. మేఘమూ అంతే. ఒక గుప్పెడు గాలి ముందు అంచులో చల్లబడి తెల్లబడుతుంది, వెనక అంచులో మళ్లీ వేడెక్కి మామూలు గాలైపోతుంది. మేఘం ఐదు మీటర్ల పొడవుందనుకుంటే, ఈ తతంగం మొత్తానికి సెకనులో యాభయ్యో వంతు కూడా పట్టదు.

ఆ వెనక అంచుని ఫోటోల్లో జాగ్రత్తగా చూడమనండి. ముందు వైపు మేఘం మెత్తగా మొదలవుతుంది, వెనక వైపు చాకుతో కోసినట్టు ఆగిపోతుంది. అక్కడ షాక్ వేవ్ ఉంటుంది. దాన్ని దాటగానే ఒత్తిడి, ఉష్ణోగ్రత రెండూ ఒక్కసారిగా పెరుగుతాయి, బిందువులు ఆవిరైపోతాయి. సీసాని మళ్లీ నొక్కితే మబ్బు మాయమవడం గుర్తుందా? ఆ నొక్కే చెయ్యే ఈ షాక్ వేవ్. నన్నడిగితే ఈ ఫోటోలో అన్నిటికన్నా చూడదగ్గది ఆ వెనక అంచే. కంటికి కనిపించని షాక్ వేవ్ ఎక్కడుందో గీత గీసినట్టు చూపిస్తుంది.

కాబట్టి ఆ క్యాప్షన్‌లో నిజం బొత్తిగా లేదని కాదు. ధ్వని వేగం దగ్గర్లో ఈ మేఘం బాగా పెద్దదవుతుంది. ఆ దగ్గర్లో విమానం మొత్తంగా ధ్వనికన్నా మెల్లగా పోతున్నా, దాని ఒంటి మీద కొన్నిచోట్ల గాలి ధ్వని వేగాన్ని దాటేస్తుంది. కానీ మేఘం కనిపించినంత మాత్రాన విమానం ఆ వేగాన్ని దాటిందని చెప్పలేం. మేఘం కనిపించకపోతే దాటలేదనీ చెప్పలేం. పొడి గాలిలో మేఘమే లేకుండా దాటిపోవచ్చు. తేమ గాలిలో దాటకుండానే మేఘం కట్టవచ్చు.

రాకెట్లకీ ఇది ఉంది. 1969 జులై 16న అపోలో 11ను మోసుకెళ్లిన సాటర్న్ 5 రాకెట్, బయలుదేరిన నిమిషం తర్వాత ధ్వని వేగం దగ్గరికి వచ్చినప్పుడు దాని చుట్టూ తెల్లటి మేఘం కట్టిన దృశ్యం ఫోటోల్లో ఉంది.

ఇంతకీ గోడ ఎక్కడిది?

1935లో బ్రిటన్‌లోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో డబ్ల్యూ.ఎఫ్. హిల్టన్ అనే శాస్త్రవేత్త ఒక విలేఖరికి గ్రాఫ్ చూపిస్తూ, ధ్వని వేగం దగ్గరయ్యేసరికి రెక్క మీద గాలి నిరోధం అడ్డుగోడలా లేస్తుందని పోలిక చెప్పారు. పేపర్లలో అది నిజంగానే "సౌండ్ బ్యారియర్" అయి కూర్చుంది. పోలిక పోయింది, గోడ మిగిలింది. 1947 అక్టోబర్ 14న కాలిఫోర్నియాలోని మొజావే ఎడారి మీద, సుమారు 43,000 అడుగుల ఎత్తులో, చక్ యేగర్ నడిపిన బెల్ ఎక్స్-1 విమానం ధ్వని వేగానికి 1.06 రెట్ల వేగాన్ని అందుకుంది. ఏ గోడా బద్దలవలేదు. ఆ విమానం ఆకారానికి నమూనా తుపాకీ గుండు, ఎందుకంటే ధ్వనిని దాటి నిలకడగా పోతుందని అప్పటికే తెలిసిన వస్తువు అదే. బాగా ఝుళిపించిన చెర్నాకోల ఛెళ్లుమనేది కూడా దాని కొన ధ్వని వేగాన్ని దాటడం వల్లే. గోడే ఉంటే బండి తోలే మనిషి దాన్ని ఎప్పుడో బద్దలు కొట్టేశాడు!

ఇక సోనిక్ బూమ్. దీన్నీ మేఘాన్నీ కలిపేస్తారు. 2020 మే 20 మధ్యాహ్నం బెంగళూరు వాసులకు పెద్ద చప్పుడు వినిపించింది. ఇళ్ల కిటికీలు అదిరాయి, భూకంపమేమో అనుకున్నారు. బెంగళూరులో ఉన్న మన బంధువులు చాలామంది ఆ రోజు ఫోన్లు చేసే ఉంటారు. వాయుసేన పరీక్షా విమానం మామూలుగా చేసే సూపర్‌సోనిక్ ప్రయాణంలో భాగమని, 36,000 నుంచి 40,000 అడుగుల మధ్య అది వేగం తగ్గించుకుంటున్నప్పుడు ఆ శబ్దం వినిపించి ఉండవచ్చని రక్షణ శాఖ తర్వాత వివరించింది. చూడండి, ఆ రోజు చప్పుడు ఉంది, ఎవరూ మేఘం చూడలేదు. బూమ్ అనేది ధ్వనిని దాటిన ఆ ఒక్క క్షణంలో పేలే బాంబు కూడా కాదు. విమానం ధ్వనికన్నా వేగంగా పోతున్నంతసేపూ షాక్ వేవ్ దాని వెంట పడవ వెనక అలలా సాగుతూనే ఉంటుంది. అది మన చెవి మీదుగా దాటిపోయినప్పుడు మనకి ఒకసారి వినిపిస్తుంది. పక్క ఊరివాళ్లకి ఇంకాసేపటికి వినిపిస్తుంది.

క్విజ్‌లకి తయారయ్యే పిల్లల కోసం ఒక్క మాట. ఈ మేఘానికి "ప్రాండ్టిల్–గ్లావర్ట్ సింగ్యులారిటీ" అని పేరు చెబుతుంటారు. అది మేఘం పేరు కాదు. ప్రాండ్టిల్, గ్లావర్ట్ అనే ఇద్దరి పేరు మీద ఉన్న సూత్రంలో విమానం వేగం సరిగ్గా ధ్వని వేగానికి సమానమైతే హారం సున్నా అవుతుంది, జవాబు అనంతం వస్తుంది. దాని అర్థం గాలిలో ఏదో అనంతమైంది జరుగుతోందని కాదు, ఆ సూత్రం అక్కడ పనికిరాదని. క్విజ్ కోసం "వేపర్ కోన్" అని నేర్పిస్తే చాలు.

మీరే చూడవచ్చు

యుద్ధ విమానం కోసం వెతకక్కర్లేదు. వానాకాలంలో శంషాబాద్, గన్నవరం, విశాఖ, ఎక్కడ దిగినా సరే, రెక్కకి కాస్త వెనకగా కిటికీ సీటు దొరికితే పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టండి. దిగే ముందు, గాలిలో తేమ బాగా ఉంటే, రెక్క పైభాగంలో పల్చటి తెల్లటి పొర కట్టి చెదిరిపోతుంటుంది. రెక్క వెనక కిందికి వంచిన ఫ్లాప్‌ల అంచుల నుంచి సన్నటి తాళ్లలాంటి గీతలు సాగుతాయి. రెండూ ఇదే రకం, గాలి వ్యాకోచించి చల్లబడటమే. అప్పుడు విమానం వేగం గంటకు 250 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే ధ్వని వేగంలో ఐదో వంతు. "సౌండ్ బ్యారియర్" అనే జవాబు అక్కడ నిలుస్తుందో లేదో పిల్లల్నే చెప్పమనండి. (చాలా ఎత్తులో విమానాల వెనక మైళ్ల కొద్దీ సాగే తెల్లటి చారలు మాత్రం వేరు. వాటిలో ఎక్కువగా ఇంజిన్ నుంచి వచ్చిన తేమే గడ్డకట్టి ఉంటుంది.)

విశాఖ ఆర్కే బీచ్‌లో నేవీ డే విన్యాసాలు చూసిన కుటుంబాలుంటే, మీ ఫోన్‌లో పాత వీడియోలు తీసి, యుద్ధ విమానం గట్టిగా మలుపు తిరిగే చోట ఆపి, రెక్కల మీద చూడండి.

సీసా ప్రయోగం చేసినా, విమానం రెక్క చూసినా, తేదీ, టైం, ఆ రోజు ఉక్కపోతగా ఉందా పొడిగా ఉందా, మేఘం కనిపించిందా లేదా, ఈ నాలుగూ ఫిజిక్స్ నోట్‌బుక్ చివరి పేజీలో పిల్లలచేతే రాయించండి. కనిపించకపోతే "కనిపించలేదు" అని రాసినా చాలు, అది కూడా మాకు కావాలి. చార్టులు, మోడళ్లు కొనొద్దు. వచ్చే నెల మొదటి వారంలో సెక్షన్‌లవారీగా అవన్నీ బోర్డు మీద పెట్టి, ఉక్కపోత రోజుల్ని ఒక వైపు, పొడి రోజుల్ని ఒక వైపు రాసి లెక్కపెడతాం.